రెండో గేరు

ఓమ్నీ నాది కాదు, మా ఐదుగురిది.
మూడు సీజన్ల గ్రేడింగు కూలి, చీటీ పాట.
తలుపుకి తుప్పు. వెనకద్దం మీద
పాత యజమాని కూతురి పేరు, సగం గీకి వదిలేశారు.

ఎవరు తోలాలో చీట్లేసి తేల్చారు.
నా పేరు రాగానే
కోటేశ్వరమ్మ నవ్విన నవ్వు
ఇంకా చెవిలోనే ఉంది.

నేర్పింది కాలేషా మామ.
ముప్పై ఏళ్ళు బేళ్ళ లారీ తోలినోడు.
ఎడం మోకాలు క్లచ్చుకిచ్చేశానంటాడు
బాకీ తీర్చుకున్న మనిషిలా.
కొండపి అవతల, వేలం ఇంకా మొదలవని
పొగాకు యార్డు పక్క బీడులో
తెల్లారుజామున ఐదింటికి కూర్చుంటాడు,
చేతిలో నిండా టీ గ్లాసుతో.
తొణికితే పాఠం మళ్ళీ మొదటికి.

తొణికింది.
గ్లాసులో కన్నా ఆయన లుంగీ మీదే ఎక్కువుంది టీ.
బండి కప్పలాగా గెంతి, దగ్గి, చచ్చింది.
"చంపావ్," అన్నాడు నిదానంగా.
"మళ్ళా పుట్టించు."

"క్లచ్చంటే వదిలేసేది కాదమ్మే,
వదుల్తా పట్టుకునేది."
అర్థం కాలా.
ఒకటి నించి రెండుకి లాగితే చాలు
కర్ర్‌మంటది,
లోపలెవరో పళ్ళు నూరినట్టు.
నేను రాడ్డు వైపు చూస్తా,
ఈలోపు రోడ్డు నన్నొదిలి జిల్లేళ్ళలోకి పోతది.

తొమ్మిదో రోజు
భుజం మీది తువ్వాలు తీసి రాడ్డు మీద కప్పాడు.
"ఆకు చూసి గ్రేడు కడతావా నువ్వు?"

ఆకు.
ఇరవై రెండేళ్ళుగా బొటనవేలి కింద పోతానే ఉంది.
కళ్ళు ఎదురుగా కూర్చున్నామె కష్టం వింటా ఉంటాయి,
వేలు తన పని తను చూసుకుంటది.
ఇది నూనె పట్టిన ఆకు,
ఇది మంచుకి మెత్తబడింది,
ఇది బ్యారన్‌లో తొందరపడినోడి ఆకు:
పసుపు తిరగకముందే మంట ఎగదోశాడు,
పచ్చ అట్టానే చచ్చి ఉండిపోయింది.

తువ్వాలు కింద చెయ్యి పెట్టా.
పాదం నొక్కా.
ఒకటి నించి వెనక్కి తీస్తంటే
మధ్యలో ఒక వదులు జాగా తగిలింది.
ఇన్ని రోజులూ దాన్ని తొక్కుకుంటా పోయానేమో,
ఇప్పుడే తెలిసింది.
ఆడ ఇంజను చక్రాన్ని లాగదు,
చక్రం ఇంజన్ని లాగదు.
ఒక్క రెప్పపాటు ఎవరి మానాన వాళ్ళు.
ఆడ ఆగి, వేలికి తెలిసినంత సేపు ఆగి,
దించా.

చప్పుడు లేదు.
టీ తొణకలా.
ముందే తాగేశాడని తరవాత చూశా.

మాఘంలో మొదటి ట్రిప్పు.
వెనక నలుగురు, సద్ది క్యారేజీలు, ఒక చంటిది.
టంగుటూరు గేటు పడింది, సరిగ్గా ఎక్కుడు మీద.
గూడ్సు బండి ఎంతకీ అయిపోదు.
గేటు లేవగానే వెనక లారీ వాడి హారను
నా వీపుని తోస్తంది.
బండి వెనక్కి జారింది, జానెడే,
కోటేశ్వరమ్మ దేవుళ్ళందర్నీ పిలిచింది.
చచ్చింది బండి.

పుట్టించా.
పాదాన్ని పైకి తెస్తంటే
ఒకచోట బండి మొత్తం సన్నగా వణికింది,
దూడ లేవబొయ్యేముందు వణికినట్టు.
ఆడ పట్టుకున్నా.
ముందుకీ పోదు, వెనక్కీ జారదు.
వదుల్తా పట్టుకునేది.

పట్టాలు దాటాం గడగడమంటా.
రెండు. కాసేపటికి మూడు,
ఎప్పుడు మార్చానో వెనకోళ్ళకి తెలీలా,
వాళ్ళు అప్పటికే కూలి రేట్ల గొడవలో ఉన్నారు.
నాలుగోది వేసేంత రోడ్డు
మా గోడౌనుకి లేదు.

సాయంత్రం రాడ్డు తల నల్లగా జిగటగా ఉంది,
పొద్దంతా నా చేతికంటిన ఆకుబంక.
గుడ్డ తడిపి తుడవబోతే
కాలేషా మామ వద్దన్నాడు.
అట్టా ఉంటేనే జారదంట.